వదిలిన తరువాత వెలిగే దీపం

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికా వెళ్ళివచ్చావు గదా, నాలుగు ముక్కలు మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. మన సంఘంలో ఇప్పటికే చాలామంది వెళ్ళివచ్చారు. నయాగరా జలపాతం గురించి, అక్కడి రోడ్ల గురించి, మనవల ఇంగ్లీషు మనకర్థం కాకపోవడం గురించి ఈ వేదిక మీదే విన్నాం. మళ్ళీ అవే చెప్పి మీ భోజనం ఆలస్యం చేయను. అక్కడి నుంచి నేను తెచ్చుకున్న ఒక చిన్న వస్తువు గురించి చెబుతాను. ఇదిగో, నా జేబులోనే ఉంది. అగ్గిపుల్లంత పొడవు కూడా లేదు. ఒక కొసన చిన్న చీలిక, ఆ వెనక సన్నని బ్యాటరీ. వెనక వరుసలో వారికి కనిపించదని తెలుసు. ఇలా వేలితో నొక్కితే మాత్రం కనిపిస్తుంది. చూశారా, ఎర్రగా వెలిగింది.

దీన్ని వాళ్ళు లైటెడ్ నాక్ అంటారు. బాణం తోకకు పెట్టే దీపం. విల్లంబులతో వేటాడేవాళ్ళు వాడతారు. జీవితమంతా కరెంటు దీపాలతో గడిపిన మనకు, అందరూ దీపం పెట్టేది వెతకడానికో చదవడానికో అని తెలుసు. బాణానికి దీపం ఎందుకు? ఆ సంగతి చెప్పి, చివర్లో నా సొంత విషయం ఒకటి చెప్పుకొని ముగిస్తాను. అది అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పనిది.

ముందు మాట సంగతి. బాణం వెనక కొసన అల్లెతాడు పట్టే గాడి ఉంటుంది. దాన్నే ఇంగ్లీషులో నాక్ అంటారు. మనకు దీనికి మాట లేదనుకోకండి. ఈకలు కట్టి, అల్లెతాడు తగిలే ఆ వెనక భాగాన్ని పుంఖం అంటారు. మీకు తెలియని మాట కాదు. 'ఉత్తరాలు పుంఖానుపుంఖాలుగా వస్తున్నాయి' అని మన ఆఫీసుల్లో ఎన్నిసార్లు అనుకోలేదు! ఒక బాణం పుంఖం వెంట మరో బాణం పుంఖం వెళ్ళినట్టు, ఎడతెగకుండా అని దాని అర్థం. బాణం ముందుభాగం ములికి. అది కొట్టేది. వెనకభాగం పుంఖం. అది తాడు దెబ్బ తినేది. తాడు బలమంతా బాణంలోకి వెళ్ళేది ఈ వేలి కణుపంత జాగా గుండానే. దాని బిగువు సరిగా లేకపోతే ఎంత గొప్ప విల్లైనా గురి తప్పుతుంది.

ఇప్పుడు మనవాళ్ళకు నచ్చే విషయానికి వస్తాను. ఇది వెలిగేదెట్లా? ఇందులో ఉన్నది ఒక ఎల్‌ఇడి, ఒక లిథియం సెల్. సెల్ నాలుగు మిల్లీమీటర్ల లావు, మూడు వోల్టులు. రాత్రిపూట గాలంతో చేపలు పట్టేవాళ్ళు బెండుకు పెట్టే దీపంలోనూ ఇలాంటి సెల్లే ఉంటుంది. స్విచ్చి వేరే లేదు, ఈ పుంఖమే స్విచ్చి. బాణం గొట్టంలో ఇది పిసరంత వెనక్కి, ముందుకి కదులుతుంది. విల్లు లాగేటప్పుడు దీని మీద ఒత్తిడి ఉండదు. తాడు వదలగానే ఒక్కసారిగా వచ్చి దీన్ని లోపలికి నెడుతుంది. లోపల తాకిడి కలిసి దీపం వెలుగుతుంది. ఆర్పాలంటే గోటితోనో, చాకు మొనతోనో మళ్ళీ వెనక్కి లాగాలి. అన్ని కంపెనీలవీ ఒకే తీరు కాదు గాని, ఎక్కువ వాటిలో కిటుకు ఇదే. ఆర్పకుండా వదిలేస్తే రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది.

ఇంత సులువైనది పాతరోజుల్లో ఎందుకు రాలేదు అని నాకూ అనుమానం వచ్చింది. లెక్క వేస్తే తెలిసింది. ఇప్పటి వేట విల్లు నుంచి బాణం సెకనుకు 280 అడుగుల వేగంతో వెళుతుందనుకుందాం. అంటే గంటకు 300 కిలోమీటర్ల పైమాట. ఆ వేగమంతా అర మీటరు దూరంలోనే అందుకోవాలి. అంటే ఆ క్షణంలో పుంఖం మీద పడే తోపు భూమ్యాకర్షణకు ఏడువందల రెట్లు. మన పాత టార్చి బల్బులో ఉన్నట్టి తీగ ఆ దెబ్బకు నిలుస్తుందా? బల్బు చేతిలోంచి జారి బల్ల మీద పడితేనే ఫిలమెంటు తెగిపోయేది గదా! ఎల్‌ఇడిలో తీగ లేదు, శూన్యం లేదు, పగిలే గాజు లేదు. కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే ఎల్‌ఇడిని 1962లో నిక్ హోలోన్యాక్ అనే శాస్త్రవేత్త చేసి చూపాడు. అది చవకై, చిన్నదై, దానికి తగిన సెల్ వచ్చాకే ఈ దీపం బాణం తోకకు ఎక్కింది.

దీనికీ ఒక ఇబ్బంది ఉంది. మామూలు ప్లాస్టిక్ పుంఖం బరువు ఐదారు గురిగింజలెత్తు. దీపం పెట్టింది పన్నెండు, పదమూడు గురిగింజలెత్తు. వేట బాణం మొత్తం 27 గ్రాములుంటే అందులో ఒక గ్రాము తోకలో పెరిగిందన్నమాట. ఒక గ్రామేగా అనిపిస్తుంది. కాని బాణానికి ముక్కు బరువుండాలి, తోక తేలికగా ఉండాలి. తోక బరువెక్కితే బాణం తిన్నగా సాగక కొంచెం ఊగుతుంది. అందుకని తెలిసినవాళ్ళు ముందు ములికి బరువూ సరిచూసుకుంటారు. సాధన చేసేటప్పుడు కూడా దీపం పెట్టిన బాణాలతోనే చేస్తారు. సాధన ఒకదానితో, వేట ఇంకొకదానితో పనికిరాదని అక్కడి పెద్దమనిషి నాకు చెప్పాడు.

ఆ పెద్దమనిషి గురించి చెప్పాలి. మావాడు మిషిగన్ రాష్ట్రంలో, లాన్సింగ్ పట్టణానికి దగ్గరలో ఉంటాడు. 2023లో నేనూ మా ఆవిడా వెళ్ళి ఆరునెలలు ఉన్నాం. పక్కింటాయన నా వయసువాడే. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. అంటే ఆయనా పెన్షనరే! సాయంత్రాలు కంచెకు అటూ ఇటూ నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. ఆయన మాటల్లో సగం నాకర్థమయ్యేవి కావు, నా మాటల్లో ముప్పావు ఆయనకు అర్థమయ్యేవి కావు. అయినా డి.ఎ. సంగతి, మోకాళ్ళ నొప్పుల సంగతి ఇద్దరికీ చక్కగా అర్థమయ్యాయి.

ఆయన ఇంటి వెనక చిన్న అడవి ఉంది. అందులో ఒక చెట్టుకు మంచె కట్టుకున్నాడు. మన మెట్టచేలలో కాపలాకు వేసుకునే మంచె లాంటిదే. అక్కడ తెల్లతోక జింకల వేటకు ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది. విల్లుతో వేట అక్టోబరు 1న మొదలై నవంబరు 14 వరకు సాగుతుంది. ఆ తరువాత తుపాకుల వాళ్ళ వంతు. పొద్దు పొడవడానికి అరగంట ముందు నుంచి, పొద్దు గూకిన అరగంట దాకా మాత్రమే వేయాలి. జింకలు ఎక్కువగా తిరిగేది ఆ మసక వేళల్లోనే. కాబట్టి చివరి బాణం వదిలేటప్పటికి చీకటి ముంచుకొస్తూ ఉంటుంది. బాణం ఎటుపోయిందో, తగిలిందో, ఎక్కడ తగిలిందో కంటికి ఆనదు. ఇరవై గజాల దూరం బాణం సెకనులో ఐదో వంతులో దాటిపోతుంది. తోకన దీపం ఉంటే ఆ దారి ఒక ఎర్రని గీతలా కనిపిస్తుంది. గీత ఎక్కడ ఆగిందో, అక్కడ తగిలిందని తెలుస్తుంది. జింకను దాటి నేలలో గుచ్చుకుంటే, ఆకుల మధ్య నిప్పుకణంలా వెలుగుతూ ఉంటుంది. వెళ్ళి తీసుకోవచ్చు.

బాణం ఖరీదు కోసం వెతుకుతారేమో అని నేననుకున్నాను. ఆయన నవ్వాడు. 'బాణం మాకు ఉత్తరం లాంటిది. చదవాలి,' అన్నాడు. పోస్టాఫీసు మనిషి గదా! మావాడు తెలుగు చేసి చెప్పాడు. తుపాకి గుండు దెబ్బ వేరు, బాణం దెబ్బ వేరట. బాణం తగిలిన జింక చాలాసార్లు అక్కడే పడిపోదు, పరుగెత్తుతుంది. బాణం మీద నురగతో కూడిన ఎర్రని రక్తం ఉంటే ఊపిరితిత్తులకు తగిలింది, కొంత దూరంలోనే పడి ఉంటుంది. ముదురు రంగు రక్తమైతే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. పసరు, కంపు ఉంటే పొట్టలో తగిలింది. అప్పుడు వెంటపడకూడదు. వెంటపడితే అది బెదిరి ఎంతో దూరం పోయి, ఎవరికీ దొరకకుండా ఎక్కడో చస్తుంది. కదిలించకుండా వదిలేస్తే దగ్గరలోనే పడుకుంటుంది. కాబట్టి బాణం దొరికితేనే తరువాత ఏం చేయాలో తెలుస్తుంది.

ఇక్కడ కొందరు ముఖం చిట్లిస్తున్నారు. పెన్షనర్ల సభలో ఈ జంతుహింస ఏమిటి అని. నేను వేటను మెచ్చుకోవడానికి రాలేదు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. మొదట్లో కొన్ని జంతువులకు లైసెన్సు వేట ఉండేది. 1991 సవరణతో ఆ తలుపూ మూసుకుపోయింది. ఈ దీపం పెట్టుకుని మన కొండపల్లి అడవిలోకి ఎవరైనా వెళితే తిన్నగా జైలుకే. మనవలకు ఆ మాట చెప్పండి. విల్లు పట్టుకోవాలని సరదాపడితే దానికి తగిన చోటుంది, బెజవాడలోనే ఉంది. మన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మిశ్రమ జట్టు పోటీలో నాలుగో స్థానం దాకా వెళ్ళాడు. ఇద్దరూ మన బెజవాడ పిల్లలే.

అయితే ఒక తమాషా ఉంది. ఆ పోటీల్లో ఈ దీపం పనికిరాదు. కరెంటుతో వెలిగే పుంఖాలు కూడదని ప్రపంచ విలువిద్య సమాఖ్య నిబంధనల్లోనే రాసి ఉంది. సురేఖ ఆడే విభాగంలో గురిబల్ల యాభై మీటర్ల దూరంలో ఉంటుంది. అందులో పది మార్కుల వలయం అడ్డుకొలత ఎనిమిది సెంటీమీటర్లు. అంటే టీ సాసరు కంటే చిన్నది. అక్కడ బాణం ఎటుపోయిందన్న ప్రశ్నే లేదు. బల్లలోనే ఉంటుంది, దుర్భిణిలో చూసుకుంటారు. బల్లకు నొప్పి ఉండదు.

అమెరికాలో వేటగాళ్ళు కూడా దీన్ని అంత సులభంగా ఒప్పుకోలేదు. పోప్ అండ్ యంగ్ క్లబ్ అని 1961లో పుట్టిన సంఘం ఒకటుంది. విల్లుతో కొట్టిన జంతువుల రికార్డులు రాసేది వాళ్ళే. సాక్స్టన్ పోప్ అనే డాక్టరు, ఆయన స్నేహితుడు ఆర్థర్ యంగ్, వీళ్ళ పేర పెట్టారు. ఆ డాక్టరుకు విలువిద్య నేర్పిన గురువు ఇషీ అనే అడవిబిడ్డ. తన యాహీ తెగవాళ్ళంతా హతమైపోగా మిగిలిన ఒకే ఒక్క మనిషి. 1911లో కాలిఫోర్నియాలో ఆకలితో మాడి ఊళ్ళోకి వచ్చాడు. 1916లో క్షయతో చనిపోయాడు. ఆ మధ్య ఐదేళ్ళలోనే ఈ డాక్టరుకు విల్లు చేయడం, వేయడం నేర్పాడు. మన నల్లమలలో చెంచులకు విల్లంబులు ఎట్లాగో, ఆయనకూ అట్లాగే. వాళ్ళకు దీపాలు లేవు. ఆకు మీది నెత్తురు చుక్కను చూసి దారి తెలుసుకునేవాళ్ళు.

ఆ సంఘం నియమం ఏమంటే, విల్లుకు గాని బాణానికి గాని కరెంటు పరికరాలు ఉండకూడదు. యంత్రాలన్నీ వచ్చిపడితే ఇక విలువిద్య ఏముంది అని వాళ్ళ వాదన. న్యాయమైన వాదనే. కాని ఈ దీపం విషయంలో చాలాకాలం తర్జనభర్జన పడి, 2014లో దీన్ని అనుమతించారు. కారణం బాగా ఆలోచించవలసింది. ఈ దీపం గురిపెట్టడానికి సాయం చేయదు, బాణం వదిలిన తరువాతే వెలుగుతుంది. కాబట్టి కొట్టేవాడికి దీనివల్ల ఒక్క వెంట్రుకవాసి కూడా లాభం లేదు. తగిలిన జంతువును వెతికి పట్టుకోవడానికే పనికొస్తుంది. అందుకని ఒప్పుకున్నారు.

ఇది విన్నప్పుడు నాకు దశరథ మహారాజు గుర్తుకొచ్చాడు. మీకూ గుర్తుకొచ్చే ఉంటాడు. సరయూ నది ఒడ్డు, చీకటి, కుండలో నీళ్ళు మునుగుతున్న బుడబుడ చప్పుడు. ఏనుగనుకుని శబ్దభేది వేశాడు. పడిపోయింది కళ్ళులేని తల్లిదండ్రులకు నీళ్ళు తీసుకుపోతున్న కొడుకు. దశరథుడి బాణానికి ఈ దీపం ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. పిల్లవాడు పోయేవాడే. దీపం వెలిగేది వదిలాక గదా! వదలాలా వద్దా అన్నది ఏ దీపమూ చెప్పదు. అది మన బుద్ధి చెప్పాలి. దశరథుడిలో ఒక గొప్ప గుణం ఉంది, మనం దాన్ని గమనించం. అరుపు వినగానే ఆయన రథమెక్కి అయోధ్యకు పారిపోలేదు. వెళ్ళి చూశాడు. కుండ నింపుకుని ఆ ముసలివాళ్ళ దగ్గరకు తనే వెళ్ళి, నేనే వేశానని చెప్పాడు. శాపం తిన్నాడు.

ఇక ఆ సాయంత్రం సంగతి. అక్టోబరు మధ్యలో ఒకనాడు ఏడు దాటాక పక్కింటాయన మావాడికి ఫోను చేశాడు, టార్చి తీసుకుని సాయం రమ్మని. నేనూ స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని వెళ్ళాను. ఆయన మంచె కింద నిలబడి ఉన్నాడు. గీత కొంచెం వెనగ్గా ఆగినట్టనిపించింది, జింక ఆఖరి క్షణంలో అడుగు ముందుకు వేసింది అన్నాడు. కొంచెం దూరంలో రాలిన ఆకుల్లో ఎర్రగా చుక్క వెలుగుతోంది. ముగ్గురం వెళ్ళాం. ఆయన బాణం పైకి లాగి టార్చి వెలుతురులో చూశాడు, వాసన చూశాడు. నా చేతికిచ్చాడు. కర్ర నిండా పసరు.

ఆయన ఏమీ మాట్లాడలేదు. దీపం ఆర్పి, ఇక ఇళ్ళకు పోదామన్నాడు. ఆ రాత్రి ఆయన వంటింట్లో లైటు వెలుగుతూనే ఉంది. నాకూ నిద్ర పట్టలేదు గనుక తెలుసు. తెల్లవారి పసిగట్టే కుక్కను తాడుతో పట్టుకుని ఒకతను వచ్చాడు. వెళ్ళి చూస్తే రెండు వందల గజాలు కూడా పోలేదు, పొదలో పడి ఉంది. అప్పటికే ప్రాణం పోయింది. ఆయన టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. ఆ సాయంత్రం కంచె దగ్గర నాతో అన్నమాట మావాడు తెలుగులో చెప్పాడు: 'ఈ దీపం లేని రోజుల్లోనైతే తగల్లేదనుకుని ఇంటికెళ్ళి హాయిగా పడుకునేవాణ్ణి. ఎన్నిసార్లు అలా పడుకున్నానో నాకే తెలియదు.'

ఆ మాట నన్ను ఎక్కడికో తీసుకుపోయింది. మా జి.కొండూరుకు తీసుకుపోయింది.

అది 1957. నాకప్పుడు పదకొండేళ్ళు. అప్పటి కృష్ణా జిల్లా మెట్ట, ఇప్పటి ఎన్టీఆర్ జిల్లా. సంక్రాంతి సెలవులు. వెదురుబద్ద వంచి జనపనార తాడు కట్టి విల్లు చేశాను. మీలో చాలామంది చేసే ఉంటారు. బాణాలు మొదట కందిపుల్లలు. అవి దూరం పోవడం లేదని అటక మీది పాత గొడుగు నుంచి ఒక ఊచ ఊడదీసి, బావిగట్టు రాతి మీద మొన వచ్చేదాకా నూరాను. ఆ సాయంత్రం ఒక్కణ్ణే కంది చేల వైపు పోయాను. కొండపల్లి కొండల వెనక పొద్దు దిగిపోయింది. చేలో గలగలమని చప్పుడైంది. కుందేలనుకున్నాను. కనిపించింది చప్పుడే, జంతువు కాదు. లాగి వదిలాను. చప్పుడు ఒక్కసారి పెద్దదై ఆగిపోయింది.

లోపలికి పోయి చూశాను. ఊచ లేదు. చీకటి పడుతోంది, పాములుంటాయని భయం, ఆలస్యమైతే నాన్న కొడతాడని భయం. తగల్లేదులే అనుకున్నాను. అనుకుని ఇంటికొచ్చి అరిసెలు తిని పడుకున్నాను.

మా వీధి చివర ఒక ముసలమ్మ ఉండేది. మేకల మామ్మ అనేవాళ్ళం. మేకల మామ్మ అనడమే గాని ఉన్నవి మూడు మేకలు. అందులో పాలిచ్చేది ఒకటి. ఆ పాలు అమ్ముకుని మనవణ్ణి సాకేది. మూడోనాడు ఆ పాలమేక వాగుగట్టున దొరికింది. పొట్టలో ఊచ. మామ్మ ఆ ఊచ చేత్తో పట్టుకుని ఇంటింటికీ వచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు. 'ఈ ఊచ ఎవరిదయ్యా? రెండు రోజులు నరకం పడిందయ్యా నోరులేని జీవం' అని అడిగింది. మా గుమ్మంలోనూ నిలబడి అడిగింది. మా నాన్నగారు ఊచ అందుకుని అటూ ఇటూ తిప్పిచూసి, 'గొడుగు ఊచలాగుంది, ఎవరి పిల్లలో' అని తిరిగి ఇచ్చేశారు. నేను తలుపు వెనక ఉన్నాను.

మర్నాడు అటక మీద చూస్తే ఆ పాత గొడుగు లేదు. నాన్నగారు నన్ను ఒక్కమాట అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన 1989లో పోయేవరకూ మా ఇద్దరి మధ్యా ఆ గొడుగు మాట రాలేదు. నన్ను కాపాడాననుకున్నారేమో. కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

తగల్లేదులే అనుకోవడంలో ఎంత సుఖం ఉందో నాకు తెలుసు. ఉద్యోగంలోనూ ఆ సుఖం అనుభవించాను. ఒక సంతకం పెడతాం, ఒక దరఖాస్తు పక్కన పెడతాం, ఒకరి మీద ఒకమాట అంటాం. అది ఎక్కడికి పోయిందో వెనక్కి తిరిగి చూడం. తగలలేదులే అనుకుంటాం. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నా సంగతే చెబుతున్నాను. మిషిగన్‌లో ఆ పసరు అంటిన కర్ర చేతిలో పట్టుకున్నప్పుడే, రెండు రోజులు నరకం అంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది. మామ్మ సరిగానే లెక్కకట్టింది.

2024 సంక్రాంతికి జి.కొండూరు వెళ్ళాను. మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ మనవడు ఉన్నాడు. ఆయనకూ డెబ్బై దాటాయి. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నేను ఫలానా అని చెప్పుకుని, ఆ మేక సంగతి, ఊచ సంగతి మొత్తం చెప్పాను. మేక ఖరీదు ఇస్తాననబోయాను గాని నోరు రాలేదు. అరవై ఏడేళ్ళకు వడ్డీ ఏ లెక్కన కట్టాలి? ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, 'మా నాయనమ్మ చచ్చిపోయేదాకా అడుగుతూనే ఉందండీ, ఆ ఊచ ఎవరిదో అని' అన్నాడు. 'మేక పోయినందుక్కాదండీ. తెలియలేదని. పోన్లెండి, నాకన్నా తెలిసింది.' క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. టీ తెప్పించాడు, ఇద్దరం తాగాం.

అంతేనండీ నేను చెప్పదలచుకున్నది. ఈ దీపం చాలా చిన్నది. గురి నేర్పదు, వదిలిన బాణాన్ని వెనక్కి తేదు. ఎక్కడ దిగిందో మాత్రం చూపిస్తుంది. వెళ్ళి చూడాల్సింది మనమే.

భోజనాల దగ్గర చూడదలచినవారికి దీన్ని చూపిస్తాను. నొక్కి వెలిగించి చూడవచ్చు. అయితే మనవలను వెంటబెట్టుకుని వచ్చినవారికి ఒక మనవి. ఇందులో సెల్ చాలా చిన్నది, పిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. వాళ్ళ చేతికివ్వకండి. చూసినవారు మాత్రం ఆర్పి ఇవ్వండి. కరెంటు శాఖ వాళ్ళం, వేస్టేజీ మనకు పడదు గదా!